స్టార్టప్‌లో పెద్ద బాధ్యత నాకు సరిపడుతుందా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. చాలా ఏళ్లుగా హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. రొయ్యల రైతులకు నీటి నాణ్యత కొలిచే పరికరాలు, మేత అందించే ఒక చిన్న స్టార్టప్‌వారు భీమవరంలో ఆపరేషన్స్ హెడ్‌గా చేరమంటున్నారు. జీతం తగ్గుతుంది గానీ షేర్లు ఇస్తామంటున్నారు. నాయకత్వం నా స్వభావానికి సరిపడుతుందో లేదో ముందే తెలుసుకోగలనా?
— ఒక పాఠకుడు

జవాబు: మీ ఉత్తరంలో హోదా, జీతం, షేర్లు ఉన్నాయి గానీ, అక్కడ రోజూ చేయవలసిన పని గురించి ఒక్క మాటా లేదు. స్టార్టప్ బాధ్యతల్లో నిలదొక్కుకున్నవారినీ, ఏడాది తిరక్కుండానే వెనక్కి వచ్చేసినవారినీ గమనించిన మీదట నాకు అర్థమైనది ఇది: ఆ సంస్థ ఇప్పుడున్న దశలో ఎదురయ్యే చిక్కుల మీద మనిషికి ఆసక్తి ఉంటే మిగతావి నేర్చుకోవచ్చు.

పదిమంది ఉన్న సంస్థలో ఆపరేషన్స్ హెడ్ కింద పెద్ద బృందం ఉండదు. తెల్లవారుజామున వనామీ రకం రొయ్యల చెరువులో ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలుతున్న వేళ, మీ పరికరం హెచ్చరించలేదని రైతు ఫోన్ చేస్తే సమాధానం చెప్పవలసినది మీరే. అంతకంటే పెద్ద చిక్కు మేత దగ్గర ఉంది. మన డెల్టాలో చాలామంది రైతులు డీలరు దగ్గర ఖాతా పెట్టి మేత అరువుకు తెచ్చుకుంటారు, పట్టుబడి అయ్యాక, అంటే చెరువులో రొయ్యలు పట్టి అమ్మాక, లెక్క తేల్చుకుంటారు. అందువల్ల ధర కాస్త తగ్గించి యాప్‌లో అమ్మినంత మాత్రాన, పంట చేతికొచ్చేదాకా గడువిచ్చే డీలరును వదిలి రైతు మీ దగ్గరకు రాడు. ఇది చదవగానే దీన్ని ఎలా విప్పాలా అని మీ మనసు పరుగెత్తిందా, లేక ఇది సేల్స్‌వాళ్ల పని అనిపించిందా? నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే.

రాజీనామాకు ముందు సెలవు పెట్టి, కొన్నాళ్లు వారి ఫీల్డ్ సిబ్బందితో చెరువుగట్ల మీద తిరగండి, ఒక పూట మేత దుకాణంలో కూర్చోండి. వ్యవస్థాపకులతో మీకు అభిప్రాయభేదం వచ్చే విషయం ఒకటి కావాలనే ఎత్తి, వారు ఎలా వింటారో చూడండి. ఈమధ్య అక్కడ మానేసినవారు ఎవరైనా ఉంటే వారితోనూ తప్పక మాట్లాడండి. దీన్ని చాలామంది మొహమాటంతో వదిలేస్తారు. సొంతంగా సంస్థ పెట్టాలన్న తపన లేకపోయినా, మరొకరి ఆలోచనను నిలబెట్టే రెండో మనిషిగా రాణించవచ్చు. అది ఏ విధంగానూ తక్కువ స్థానం కాదు.

షేర్ల విషయంలో, ఎన్ని ఇస్తారన్నది కాక, మొత్తంలో ఎంత శాతమో అడగండి. వారు ఇచ్చేవి స్టాక్ ఆప్షన్లు, అంటే ముందే నిర్ణయించిన ధరకు తర్వాత షేర్లు కొనుక్కునే అవకాశం, అయితే, కంపెనీల చట్టం, 2013 కింది నిబంధనల ప్రకారం వాటిపై హక్కు, అవి మంజూరైన నాటి నుంచి కనీసం ఏడాది గడిచాకే వస్తుంది. ప్రైవేట్ కంపెనీ షేర్లను అవసరానికి బజారులో అమ్ముకోలేరు కూడా. కాబట్టి ఇంటి ఖర్చుల లెక్క తగ్గిన జీతం మీదనే వేసుకోండి, వారు ఇస్తామన్నది చేరకముందే కాగితం మీద రాయించుకోండి.