గడియారం ఎక్కడ మొదలైందో ముందు చెప్పు

చిరంజీవికి ఆశీస్సులు.

డిస్క్ లేటెన్సీ (అడిగిన పని ముగియడానికి పట్టే సమయం) మీద నీ వ్యాసం చిత్తుప్రతి చదివాను. భాష బాగుంది, ఎక్కడా తొందర కనిపించలేదు. అయితే రెండో పేరాలో ‘ఈ డిస్క్ లేటెన్సీ 5 మిల్లీసెకన్లు’ అని రాసి ముందుకెళ్లిపోయావు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ఏ క్షణం నుంచి ఏ క్షణం దాకా 5? గడియారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చెప్పకపోతే ఆ అంకె పాఠకుడికి దేనికీ పనికిరాదు. ఈ ఉత్తరంలో నేను గట్టిగా పట్టుబట్టేది దీని గురించే.

లినక్స్‌నే తీసుకో. అప్లికేషన్ ఫైల్ చదవబోతే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మామూలుగా ముందు పేజ్ కాష్‌లో, అంటే మెమరీలో దాచుకున్న ఫైల్ డేటాలో, వెతుకుతుంది. అక్కడ దొరికితే డిస్క్ ఊసే రాదు. దొరక్కపోతే రిక్వెస్ట్ ఫైల్ సిస్టమ్ దాటి, డిస్క్ రిక్వెస్ట్‌లను చూసుకునే బ్లాక్ లేయర్‌లో వరుసలో నిలబడి, డ్రైవర్ చేతికి వెళ్లి, డివైస్ పని ముగించాక గానీ జవాబు రాదు. ఈ ప్రయాణాన్ని నమోదు చేసే బ్లాక్‌ట్రేస్ అనే టూల్ ఈ మజిలీలకు అక్షరాలు పెట్టింది. బ్లాక్ లేయర్‌కు చేరితే ‘క్యూ’, డ్రైవర్‌కు అప్పగిస్తే ‘డి’, పూర్తయితే ‘సి’.

ఇక టూల్స్ సంగతి. ఐఓస్టాట్ అనే టూల్ ఒక్కో రిక్వెస్ట్‌కు పట్టిన సగటు సమయంగా చూపే ‘అవెయిట్’లో వరుసలో నిలబడిన సమయం కూడా కలిసే ఉంటుంది. బయోలేటెన్సీ అనే మరో టూల్ మామూలుగా డి నుంచి సి దాకానే కొలుస్తుంది. నిరీక్షణ కూడా కలపాలంటే విడిగా ఆప్షన్ ఇవ్వాలి. అందుకే ఒకే డిస్క్ మీద, ఒకే సమయంలో, ఒకటి 20 మిల్లీసెకన్లని, మరొకటి 2 అని చెప్పొచ్చు. రెండూ నిజమే. ఏదో ఒక టూల్ తప్పని తేల్చేయకుండా, మిగతా 18 ఎక్కడ గడిచాయో వెతికి రాయి. నీ వ్యాసానికి అసలు సరుకు అక్కడే ఉంది. డి నుంచి సి దాకా పట్టిన సమయాన్నీ మొత్తంగా డివైస్ ఖాతాలో వేయకు. డివైస్ లోపల దాని వరుస దానికుంటుంది. పని ముగిసిందని డివైస్ పంపే ఇంటరప్ట్‌ను ప్రాసెసర్ అందుకోవడంలో జరిగే ఆలస్యమూ అందులోనే కలుస్తుంది.

రైట్ల (డేటా రాసే పనుల) దగ్గర మరింత జాగ్రత్త కావాలి. మామూలు రైట్ కాల్ డేటాను పేజ్ కాష్‌లోకి కాపీ చేసి వెనక్కి వచ్చేస్తుంది. డిస్క్‌కు చేర్చే పని కెర్నల్ తర్వాత చూసుకుంటుంది. సాధారణ సెట్టింగ్‌లో 30 సెకన్లు దాటిన డేటాను పాతబడినట్టు లెక్కిస్తుంది. కాబట్టి బ్లాక్ లేయర్‌లో రైట్ నెమ్మదించినా ఏ యూజర్‌కీ తెలియకపోవచ్చు. అదే డేటాబేస్, డేటా డిస్క్‌కు చేరేదాకా ఆగే ఎఫ్‌సింక్ కాల్‌ను పిలిచి కూర్చుంటే మాత్రం జర్నల్ (ఫైల్ సిస్టమ్ మార్పులను ముందుగా రాసుకునే చిట్టా) కోసం ఆగిన ప్రతి క్షణమూ దానికి తగులుతుంది. యూజర్ ఇబ్బంది గురించి రాస్తున్నప్పుడు సిస్టమ్ కాల్ (అప్లికేషన్ కెర్నల్‌ను పని అడిగే చోటు) దగ్గరే కొలిచి రాయి.

సగటును నేను నమ్మను. 99 రీడ్‌లు 0.1 మిల్లీసెకనులో, ఒకటి 100లో ముగిస్తే సగటు దాదాపు 1.1 వస్తుంది. అంత సమయం పట్టిన రీడ్ ఆ వందలో ఒక్కటీ లేదు. ఎంత సమయంలో ఎన్ని రీడ్‌లు ముగిశాయో చూపే హిస్టోగ్రామ్ గీయి. 7200 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) డిస్క్‌లో పళ్లెం అర చుట్టు తిరగడానికే సుమారు 4.2 మిల్లీసెకన్లు పడుతుంది. డిస్క్ సొంత కాష్ నుంచి వచ్చే జవాబుకు ఆ బెడద లేదు. ఆ రెండు గుంపులూ బొమ్మలో రెండు దిబ్బలుగా లేస్తాయి. వాటి మధ్య లోయలో పడే సగటు దేన్నీ వర్ణించదు.

ఎన్‌వీఎంఈ (వేగవంతమైన ఎస్‌ఎస్‌డీ రకం) మీద యుటిలైజేషన్ (డివైస్ పనిలో ఉన్న సమయం వంతు) 100 శాతం ఉంటే డిస్క్ ఇక మరో పని మోయలేదని రాశావు, అది తీసెయ్. ఏదో ఒక రిక్వెస్ట్ ఎప్పుడూ నడుస్తోందని మాత్రమే దానర్థం. ఆ డివైస్ ఒకేసారి ఎన్నింటినో మోయగలదు.

తిరగరాసేటప్పుడు ప్రతి అంకె పక్కనా కెర్నల్ వెర్షన్, ఐఓ షెడ్యూలర్ (రిక్వెస్ట్‌ల క్రమం తేల్చేది), బ్లాక్ సైజ్ (ఒక్కో రిక్వెస్ట్ పరిమాణం), క్యూ డెప్త్ (ఒకేసారి నడిచే రిక్వెస్ట్‌ల సంఖ్య), పేజ్ కాష్ వాడావా పక్కన పెట్టావా అన్నది ఉండాలి. హిస్టోగ్రామ్‌ల ముడి అవుట్‌పుట్ కూడా జత చేసి పంపు, వ్యాసంతో పాటు చదువుతాను.