ముందు ఆ చెట్టు దగ్గర ఆగు

చిరంజీవికి ఆశీస్సులు.

పశ్చిమ ఆఫ్రికా దేశం నైజర్ జాతీయ మ్యూజియం మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. కష్టపడ్డావు, తెలుస్తూనే ఉంది. కానీ మొదటి పేజీలోనే ‘అమూల్యమైన సాంస్కృతిక సంపద’ నాలుగుసార్లు వచ్చింది. ఆ పేజీ చింపి ఏ దేశం మ్యూజియానికి అతికించినా సరిపోతుంది. నా టెన్షన్ అదే.

మూడో పేజీ అడుగున తెనెరే చెట్టును ఒక్క వాక్యంలో తేల్చేశావు. నేనైతే అక్కడే మొదలుపెడతాను. అది సహారా ఎడారి. ఎంత దూరం పోయినా ఇంకో చెట్టు లేని చోట ఒంటరిగా ఒక తుమ్మజాతి చెట్టు. బిల్మా అనే ఎడారి ఊరి నుంచి ఉప్పు దిమ్మలు మోసుకొచ్చే ఒంటెల బారులకు అదే దారిగుర్తు. దాని కొమ్మ విరిచి ఎవరూ పొయ్యిలో పెట్టలేదట. 1938-39లో పక్కనే బావి తవ్వితే తెలిసింది, వేళ్లు 30 మీటర్లకు పైగా దిగి నీళ్లందుకున్నాయని. అలాంటి చెట్టును 1973లో ఒక లారీ గుద్ది పడగొట్టింది. అంత ఖాళీ ఎడారిలో! ఆ ఏడాది నవంబర్ 8న మోడును రాజధాని నియామేకి తెచ్చి మ్యూజియంలో పెట్టారు. చెట్టున్న చోట ఇప్పుడు ఇనుప చెట్టు నిలబెట్టారు.

‘తాగుబోతు డ్రైవర్’ అని రాశావు. తాగి ఉన్నాడని చెప్పుకుంటారు, అంతే. నువ్వూ ‘చెప్పుకుంటారు’ అనే రాయి. మొదట్లో నేనూ ఇలాంటి చోట్లే చెయ్యి జారాను. అచ్చయ్యాక దిద్దుకోవడం ఎంత నామోషీయో నాకు తెలుసు.

ఇంకోటి. మ్యూజియం తెరిచింది 1959 డిసెంబర్ 18న, దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది 1960 ఆగస్టు 3న. ఈ రెండు తేదీలనూ నువ్వు చెరో పేజీలో పడేశావు. పక్కపక్కన పెట్టి చూడు, నువ్వు వ్యాఖ్యానం రాయనక్కర్లేదు. మ్యూజియం ఎవరి పేరు మీద ఉందో ఆ బుబు హమాను ‘రాజకీయ నాయకుడు’ అని వదిలేశావు. ఆయన చరిత్రకారుడు, రచయిత కూడా. మనలాంటి రాతగాడినే మర్చిపోతే ఎలా?

హౌసా, జర్మా, టువారెగ్ తెగల ఇళ్ల నమూనాల లిస్టు కుదించు. ఆ చోటు ఆవరణలోనే కూర్చుని పనిచేసే తోలు, వెండి పనివాళ్లకివ్వు. అక్కడ అన్నీ అద్దాల పెట్టెల్లో లేవు, చేతులు ఆడుతున్నాయి. డైనోసార్ల పేరా పూర్తిగా కొట్టెయ్, దాన్ని విడిగా రాసుకోవచ్చు.

పన్నెండు పేజీలు ఐదుకి తగ్గించి మళ్లీ పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా రాయి, నా కళ్లజోడు పాతది.

మీ మాస్టారు