హెచ్.ఎం. అయ్యాక స్టాఫ్ రూమ్ ఎందుకు మూగబోయింది?

ప్రశ్న: జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. రెగ్యులర్ హెచ్.ఎం. లేకపోవడంతో సీనియర్ స్కూల్ అసిస్టెంట్‌నని ఇన్‌ఛార్జి బాధ్యతలు నాకు ఇచ్చారు. నిన్నమొన్నటి దాకా ఒకరి క్యారియర్లో కూర ఒకరం తిన్నవాళ్లం, ఇప్పుడు నేను స్టాఫ్ రూమ్‌లో అడుగు పెడితే మాటలు ఆగిపోతున్నాయి. సెలవు చీటీ టేబుల్ మీద పెట్టి మాట్లాడకుండా వెళ్లిపోతున్నారు. అందరికీ టిఫిన్లు తెప్పించాను, నన్ను మునుపటిలాగే చూడండి అని కూడా చెప్పాను. లాభం లేదు. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ ‘మునుపటిలాగే చూడండి’ అనే మాట మానెయ్యండి. మునుపటిలా ఎలా ఉంటుంది? సెలవు మంజూరు చేసేది మీరు, ఎవరైనా రాకపోతే సర్దుబాటు పీరియడ్ వేసేది మీరు, యాప్‌లో ఫొటో ఎక్కలేదని పైనుంచి ఫోన్ వస్తే ఆ చిరాకు ఎవరో ఒకరి మీద పడేదీ మీ నోటి నుంచే. ఆ సంగతి వాళ్లకి తెలుసు. తెలియనట్టు ఉండమంటే ఎవరికైనా ఇబ్బందే. టిఫిన్లు తిన్నారు, బాగున్నాయన్నారు, అంతే.

సెలవు చీటీ అన్నారు కదా, అక్కడే మొదలుపెట్టండి. తెల్లకాగితం సగానికి చింపి రాసిన ఆ చీటీలో ‘సొంత పనుల మీద’ అని తప్ప ఇంకేం ఉండదు. తలెత్తకుండా సంతకం పెట్టేస్తే అది ఆఫీసు పని. కుర్చీ చూపించి “కూర్చోండి మాస్టారూ, ఇంటి దగ్గర అంతా బానే ఉందా?” అని ఒక్క మాట అడిగి ఊరుకోండి, చెప్పాలనుకుంటే చెబుతారు, లేదంటే లేదు, గుచ్చి గుచ్చి అడగొద్దు. అసలు పని ఆ తర్వాత ఉంది. ఆయన తిరిగొచ్చిన రోజు, అసెంబ్లీ అయ్యాక వరండాలో ఎదురుపడితే “అమ్మగారి కంటి ఆపరేషన్ ఎలా జరిగింది?” అని మీరే అడగాలి. గుర్తుండదనుకుంటే డైరీలో రాసుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు. పనిబడినప్పుడు మాత్రమే పలకరించేవాళ్లుంటారు చూశారూ, వాళ్లు నవ్వుతూ దగ్గరికొస్తే చాలు, ఇప్పుడు ఏ డ్యూటీ వేస్తారో అని గుండె జారుతుంది. మీరు ఏ పనీ లేనప్పుడు పలకరించండి.

దీనికి పాతదే అయినా నాకు ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది. అమెరికాలో షికాగో పక్కన వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీకి హాథార్న్ అని పెద్ద టెలిఫోన్ పరికరాల ఫ్యాక్టరీ ఉండేది. లైట్ల వెలుతురు పెంచితే పని పెరుగుతుందా అని 1924లో అక్కడ పరిశోధనలు మొదలుపెట్టారు, రకరకాల రూపాల్లో అవి 1932 దాకా సాగాయి. వెలుతురు పెంచినా తగ్గించినా పని పెరిగిందని మేనేజ్‌మెంట్ క్లాసుల్లో ఆ లైట్ల కథే చెబుతారు, తర్వాత లెక్కలు తిరగేసినవాళ్లు అదంత తిన్నగా లేదని తేల్చారు కూడా. నాకు నచ్చేది 1928లో మొదలైన ఇంటర్వ్యూలు. ఇరవై వేల మందికి పైగా కార్మికులతో మాట్లాడారు. మొదట్లో ప్రశ్నల జాబితా పట్టుకుని వెళ్లారు – పని ఎలా ఉంది, సూపర్‌వైజర్ ఎలాంటివాడు, ఇలాంటివి. కార్మికులేమో అడిగింది వదిలేసి తమ మనసులో ఉన్నదేదో చెప్పుకుంటూ పోయేవారు. చివరికి జాబితా పక్కన పడేసి, వాళ్లు ఎటు మాట్లాడితే అటు వినండి అని ఇంటర్వ్యూ చేసేవాళ్లకి చెప్పాల్సొచ్చింది. మీ స్టాఫ్ మీటింగ్ అజెండా చూస్తే నాకు ఆ మొదటి జాబితాయే గుర్తొస్తుంది: ఎఫ్.ఏ. పరీక్షల మార్కులు, మధ్యాహ్న భోజనం, అటెండెన్స్, ‘ఇంకేమైనా ఉంటే చెప్పండి’, ఎవరూ చెప్పరు, మీటింగ్ ఖతం.

అలాగని విని ఊరుకుంటే కుదరదు. అదే ఫ్యాక్టరీలో తర్వాత పెట్టిన కౌన్సెలింగ్ మీద, ఇది కార్మికుల కోపం చల్లార్చే ఎత్తు తప్ప వాళ్ల కష్టం తీర్చేది కాదనే విమర్శ వచ్చింది, నన్నడిగితే సబబే. మీ చేతిలో జీతాలు లేవు, బదిలీలు లేవు, కానీ టైమ్‌టేబుల్ ఉంది. సాయంత్రం ఒక్కటే బస్సున్న టీచరమ్మకి చివరి పీరియడ్ మార్చగలరా? మార్చండి. మార్చలేకపోతే ఎందుకు కుదరదో ఆవిడకే చెప్పండి, ఇంకొకరితో కబురు పెట్టకుండా. మీ పాత స్నేహితురాలికి సర్దుబాటు పీరియడ్లు తక్కువ పడుతున్నాయేమో కూడా ఒకసారి చూసుకోండి, ఎందుకంటే మీరు చూడకపోయినా మిగతావాళ్లు చూస్తూనే ఉంటారు.

ఆలస్యంగా వచ్చేవాళ్లని మొహమాటానికి వదిలెయ్యమని మాత్రం అనుకోవద్దు. గదిలోకి పిలిచి, తలుపు దగ్గరకి వేసి, సూటిగా అడగండి. వాట్సాప్ గ్రూపులో ‘కొందరు ఉపాధ్యాయులు సమయపాలన పాటించడం లేదు’ అని పెట్టారనుకోండి, ఆ కొందరు తప్ప మిగతా అందరూ బాధపడతారు.

ప్రశ్న: కొత్తగా ఎస్.జి.టి.గా (సెకండరీ గ్రేడ్ టీచర్‌గా) చేరాను. పిల్లలతో చనువుగా ఉంటే నెత్తికెక్కుతారని సీనియర్లు అంటున్నారు. నిజమేనా?
– నల్గొండ జిల్లా నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఇవాళ నవ్వి వదిలేసిన పనికే రేపు తిడితే నెత్తికెక్కుతారు. ఏది ఒప్పుకుంటారో ఏది ఒప్పుకోరో మొదటి వారంలోనే తెలిసిపోతే ఎంత చనువుగా ఉన్నా ఏం కాదు. పేర్లు త్వరగా నేర్చుకోండి, ‘ఏయ్ బ్లూ చొక్కా’ అని పిలవకండి. పత్తి ఏరే రోజుల్లో వారం పాటు రాని పిల్లాడు సోమవారం వచ్చి గుమ్మం దగ్గర నిలబడితే, “దొరగారికి ఇప్పుడు తెల్లారిందా?” అని క్లాసంతా నవ్వించడం చాలా సులువు. లోపలికి పిలిచి, నోట్సు రాసే పక్క పిల్లాడి దగ్గర కూర్చోబెట్టి, పోయిన పాఠం ఏదో చూపించండి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బెత్తాన్ని మాత్రమే నిషేధించిందని చాలామంది అనుకుంటారు, మానసిక వేధింపు కూడా అందులోనే ఉంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టీమ్ లీడ్‌ని. సగం టీమ్ ఇంటి నుంచే పని చేస్తుంది. కాల్స్‌లో కెమెరా ఆన్ చెయ్యరు, సమస్య ఉంటే రిలీజ్ ముందు రోజు దాకా చెప్పరు, టెన్షన్ అంతా నాకే. టీమ్ కలిసిపోవాలని శుక్రవారం గేమ్స్ పెడుతున్నాను. మా మేనేజర్ మాత్రం నాకు పీపుల్ స్కిల్స్ లేవంటున్నారు.
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: శుక్రవారం గేమ్స్ ఆపేస్తే సగం మంది మీకు దణ్ణం పెడతారు. కెమెరా సంగతీ వదిలెయ్యండి, డబుల్ బెడ్‌రూమ్ ఇంట్లో వెనక ఎవరు తిరుగుతున్నారో, కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో మీకు చూపించాల్సిన అవసరం వాళ్లకి లేదు.

అసలు ప్రశ్న వేరే. పోయినసారి సమస్య ముందే చెప్పిన మనిషికి ఏం జరిగింది? క్లయింట్ కాల్లో “అది ఫలానా అబ్బాయి మాడ్యూల్ అండీ” అని ఎవరైనా అన్నారా? అంటే మిగతావాళ్లు అక్కడికక్కడే పాఠం నేర్చుకుని ఉంటారు.

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన మొదటి ఎస్.ఎల్.వి.-3 రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్ట్ డైరెక్టర్ అబ్దుల్ కలాం. విలేకరుల ముందు బాధ్యత తన మీద వేసుకున్నది ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్. 1980 జూలై 18న ప్రయోగం ఫలించినప్పుడు మాత్రం విలేకరులతో మాట్లాడమని కలాంనే ముందుకు తోశారు. కలాం ఎన్నోచోట్ల చెప్పిన సంగతే, మీకూ ఏడాదికోసారి ఫార్వర్డ్ వస్తూనే ఉంటుంది. ఆ ఫార్వర్డ్‌లో ఉండనిది ఏమిటంటే, లోపల ఎవరూ జరిగినదాన్ని దాచెయ్యలేదు. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో వాల్వు దగ్గర ఆమ్లం లీకైందని విడివిడిగా తవ్వి తేల్చారు. బయట అడ్డం నిలబడటం, లోపల నిక్కచ్చిగా అడగటం రెండూ చెయ్యాలి, మన ఆఫీసుల్లో చాలామంది సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తారు.

వారానికో అరగంట ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి. టికెట్ల లిస్టు, అంటే చెయ్యాల్సిన పనుల జాబితా, తెరవకండి, అది రోజూ పెట్టే స్టాండప్ మీటింగ్‌లో ఎలాగూ అయిపోతుంది. “ఈ వారం నీకు ఏది అడ్డం పడింది, అందులో నేను తీయగలిగింది ఏదైనా ఉందా?” అని అడిగి, చెప్పినదాంట్లో ఒక్కటైనా వచ్చే వారంలోపు చేసి చూపించండి. అర్ధరాత్రి అమెరికా కాల్‌కి వంతులు వెయ్యడం లాంటిది చాలు. మొదట్లో “ఏం లేదండీ, అంతా ఓకే” అంటారు. అననివ్వండి, మళ్లీ వారం అడగండి, క్యాన్సిల్ మాత్రం చెయ్యకండి.

ఇక మీ మేనేజర్‌గారి మాట. పీపుల్ స్కిల్స్ లేవని ఏ సందర్భంలో అనిపించిందో ఒక్క ఉదాహరణ చెప్పమని మర్యాదగా అడగండి. చెబితే పనికొస్తుంది, రాసుకోండి. అప్రైజల్ అయ్యాక అడగండి, ముందు కాదు.