బ్యాలే తెలిసిన అమ్మాయి సినిమాలో ఏ విభాగానికి వెళ్లాలి?

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేడేళ్లు. చిన్నప్పటి నుంచి బ్యాలే నేర్చుకుంటోంది గానీ, పెద్ద నృత్య బృందంలో చేరే స్థాయి తనకు లేదని తానే చెబుతోంది. బ్యాలే నర్తకి కథతో వచ్చిన హాలీవుడ్ చిత్రం ‘బ్లాక్ స్వాన్’ ఎలా తీశారో చదివినప్పటి నుంచి అటువంటి మానసిక భయానక చిత్రాలకు పనిచేస్తానని పట్టుబడుతోంది. నటనా శిక్షణలో చేర్పించమంటారా?

సలహా: నటనా శిక్షణకు తొందరపడవద్దు. మీ అమ్మాయి చదివిన విశేషాలనే నిదానంగా పరిశీలిస్తే, ఆమె నేర్చిన విద్యకు తెర ముందు కంటే కెమెరా వెనుకే ఎక్కువ విలువ ఉందని అర్థమవుతుంది. ఆ చిత్రంలో కథానాయికగా నటించిన నాటలీ పోర్ట్‌మన్ బాల్యంలో బ్యాలే నేర్చుకొని మానేసిన నటి. సుమారు ఏడాది పాటు రోజూ గంటల తరబడి సాధన చేసి, బరువు బాగా తగ్గి, పక్కటెముక గాయాన్ని కూడా భరించి ఆ పాత్ర చేశారు, 2011లో ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకున్నారు. నృత్యం వచ్చిన అమ్మాయిని వెతికి నటన నేర్పలేదు, పేరున్న నటికే నృత్యం నేర్పించారు. ప్రధాన పాత్రల ఎంపిక ఎక్కువగా ఇలాగే సాగుతుంది.

అదే చిత్రంలో ఛాయాగ్రహణం సంగతి వేరు. దర్శకుడు డారెన్ అరొనోఫ్‌స్కీ, ఛాయాగ్రాహకుడు మాథ్యూ లిబటిక్ నృత్యాన్ని ప్రేక్షకుల వరుసలో కూర్చొని చూసినట్లు తీయకుండా, చేత పట్టుకున్న చిన్నపాటి 16 ఎంఎం ఫిల్మ్ కెమెరాతో వేదిక మీదికే వెళ్లి, నర్తకి తిరిగినప్పుడు ఆమెతో పాటు తిరుగుతూ చిత్రీకరించారు. ఏ పాదం మీద బరువు పడుతుందో, ఎప్పుడు ఊపిరి తీసుకుంటుందో, ఎటు తిరగబోతుందో ముందే పసిగట్టగలిగిన వారికి ఈ పద్ధతి సులువవుతుంది. అది మీ అమ్మాయికి ఇప్పటికే ఒంటబట్టిన జ్ఞానం. రిహార్సల్ గదుల నిండా అద్దాలే కనుక, వాటిలో పడిన కెమెరాను, సిబ్బందిని తర్వాత కంప్యూటర్‌లో చెరిపేయవలసి వచ్చింది. ప్రతిబింబం మనిషిని అనుసరించక తనంతట తాను కదిలే దృశ్యం గుర్తుందా? అక్కడి భయమంతా లయ తప్పడంలోనే ఉంది. ఆ తప్పడం ఎన్ని ఫ్రేముల పాటు ఉండాలో తేల్చేది ఎడిటింగ్ గదిలోనే. ఈ చిత్రానికి ఛాయాగ్రహణం, ఎడిటింగ్ రెండింటికీ ఆస్కార్ నామినేషన్లు దక్కాయి. మీ అమ్మాయి విషయంలో నా మొగ్గు ఎడిటింగ్ వైపే.

కోర్సుకు ఫీజు కట్టక ముందు ఒక పరీక్ష పెట్టండి. తోటి విద్యార్థిని చేసే మూడు నిమిషాల నృత్యాన్ని కదలని కెమెరాతో ఒకసారి, దగ్గరగా వెంటాడుతూ మరొకసారి తీయమనండి. ఆ రెండింటినీ కలిపి, సంగీతం తీసేసి, అడుగుల చప్పుడు, ఊపిరి మాత్రమే ఉంచి, చూసేవారికి భయం కలిగేలా ఎడిట్ చేయమనండి. పదిసార్లు మార్చి మార్చి ఎడిట్ చేసినా విసుగు రాకపోతే ఈ రంగం ఆమెకు సరిపోతుంది. సంస్థను ఎంచుకునేటప్పుడు భవనాలను కాక, విద్యార్థులు చదువుకునే రోజుల్లో ఎన్ని లఘు చిత్రాలను మొదటి నుంచి చివరి వరకు పూర్తి చేస్తారో చూడండి.

తల్లిదండ్రులుగా మీరు జాగ్రత్త పడవలసింది ఒప్పందాల దగ్గర. కథానాయికకు డూప్‌గా నర్తించిన సారా లేన్, నిలువెత్తు నృత్య షాట్లలో నటి సొంతంగా చేసినవి అయిదు శాతమేనని అన్నారు. దర్శకుడేమో మొత్తం 139 నృత్య షాట్లలో 111 నటివేనని లెక్క చెప్పారు. ఎవరి లెక్క సరైనదైనా, చేసిన పనికి తెర మీద పేరు ఎలా వేస్తారో ముందే రాసుకోకపోతే వచ్చే చిక్కు ఇది. జీతం లేకుండా ఈ చిత్రానికి పనిచేసిన ఇంటర్న్‌లు 2011లో దాన్ని విడుదల చేసిన ఫాక్స్ సెర్చ్‌లైట్ సంస్థపై న్యూయార్క్‌లో దావా వేశారు. 2013లో కింది కోర్టు వారిని ఉద్యోగులుగానే గుర్తించింది గానీ, 2015లో అప్పీలు కోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, ఇంటర్న్‌షిప్ వల్ల అసలు లబ్ధి ఎవరికన్నదే కొలమానమని చెప్పింది. కనుక మొదటి అవకాశమని మొహమాటపడకుండా, పని గంటలు, భత్యం, గాయమైతే వైద్య ఖర్చు ఎవరు భరిస్తారన్నది, టైటిల్స్‌లో ఏ హోదాతో పేరు పడుతుందన్నది చేరే రోజుకల్లా రాతపూర్వకంగా తీసుకోమని చెప్పండి.