ఐరాస చార్టర్ ఉన్నా దాడులు ఆగట్లేదు కదా, అంతర్జాతీయ చట్టం వల్ల సామాన్యుడికి ఒరిగేదేమిటి?

ఈ ప్రశ్న ఎవరడిగినా మాట ఇరాక్, ఉక్రెయిన్, వీటో దగ్గరికే పోతుంది. చార్టర్‌లో ఆర్టికల్ 2(4) బలప్రయోగం వద్దంటుంది, ఆర్టికల్ 51 ఆత్మరక్షణకి అనుమతిస్తుంది, ఆ సందులోంచే పెద్ద దేశాలన్నీ దూరిపోతాయి. నిజమే, కాదనను. కానీ నేను శ్రీకాకుళం జిల్లా గార మండలం తీరంలో పుట్టినవాణ్ణి. మా ఊళ్లలో పరాయి దేశపు ఆయుధబలం అంటే చేపల బోటు మీదికి వచ్చే గస్తీ ఓడ. దాన్ని అదుపులో పెట్టే చట్టం ఉంది, చాలా బాగా రాసిన చట్టం. దాన్ని బయటికి తీసి వాడమని ప్రభుత్వాలని అడిగేవాడే లేడు.

మా మేనమామ గుజరాత్‌లోని వేరావల్‌లో ఒక సేఠ్ బోటు మీద తండేలు, అంటే బోటు నడిపే పెద్ద. ఏటా వేట నిషేధం అయిపోగానే సేఠ్ పంపిన అడ్వాన్స్ ఇంట్లో ఇచ్చి, చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లని వెంటబెట్టుకుని రైలెక్కేవాడు. ఒక చలికాలం వాళ్ల బోటు పాకిస్తాన్ గస్తీ వాళ్లకి పట్టుబడింది. రాత్రిపూట, వల నీళ్లలో ఉంది. వల లాగుతున్న ట్రాలర్ పరిగెత్తలేదు, అది సముద్రం మీద తిరిగే ఎవరికైనా తెలుసు. దూరంగా లైటు కనబడింది, వెంటనే తుపాకీ మోత. సైరన్ లేదు, మైకులో హెచ్చరిక లేదు. ఒక తూటా కేబిన్ చెక్కలో దిగింది. పక్క బోటు వాళ్లు వల తాళ్లు కోసేసి వెళ్లిపోయారు. మావయ్య కోయించలేదు, ఎందుకంటే వల పోతే ఆ డబ్బు సేఠ్ వీళ్ల లెక్కలోంచే విరుస్తాడు. కుర్రాళ్లని ఐసు పెట్టె పక్కన బోర్లా పడుకోమని తను చేతులెత్తి నిలబడ్డాడు. లైను, అంటే సముద్రపు హద్దు, దాటలేదని జీపీఎస్ సెట్టు చూపించబోతే ముందు దాన్నే పీకేశారట. "తుపాకీ గుండెల మీదుంటే లైనెక్కడుందని ఏటి అడుగుతాం అల్లుడూ" అన్నాడు, తిరిగొచ్చాక.

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూడండి. 1997లో గినియా గస్తీ పడవలు సైగా అనే ఆయిల్ ట్యాంకర్ మీద కాల్పులు జరిపితే, ఆ ఓడ ఏ దేశపు జెండా కింద రిజిస్టరయ్యిందో ఆ సెయింట్ విన్సెంట్ అండ్ ద గ్రెనడైన్స్ హాంబర్గ్‌లోని సముద్ర చట్టాల ట్రైబ్యునల్‌కి వెళ్లింది. ఆ దేశం జనాభా అటూ ఇటుగా మన శ్రీకాకుళం పట్టణమంత. 1999లో అదే గెలిచింది. ఓడని ఆపాలంటే ముందు కంటికో చెవికో తెలిసే సంకేతం ఇవ్వాలి, వినకపోతే ముందు భాగానికి అడ్డంగా హెచ్చరిక కాల్పులు, ఇవన్నీ పనిచేయకపోతేనే ఆఖరున బలం, అప్పుడు కూడా ప్రాణాలు పోకుండా చూడాలి అని తీర్పు చెప్పింది. చట్టం బలవంతుడి చుట్టం అనేవాళ్లు ఈ కేసు ఒక్కసారి చదవాలి.

పట్టుకున్న తర్వాత సంగతి సముద్ర చట్టాల ఒప్పందం ఆర్టికల్ 73లో ఉంది. తీరదేశానికి ప్రత్యేక హక్కులుండే సముద్ర ఆర్థిక మండలం (ఈఈజెడ్)లో చేపల వేట నేరానికి పడవనీ మనుషులనీ తగిన పూచీకత్తు మీద త్వరగా వదిలేయాలి. ఆ రెండు దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప జైలు శిక్ష వేయకూడదు. భారత్ 1995లో, పాకిస్తాన్ 1997లో దీన్ని ఆమోదించాయి. అయినా 2018 నవంబరులో పట్టుబడ్డ మన ఆంధ్ర జాలర్లు 20 మంది 2020 జనవరి 6న గానీ వాఘా దాటలేదు. మన జైళ్లలో పాకిస్తాన్ జాలర్లు మగ్గడం కూడా అంతే తప్పు, వాళ్ల ఇళ్లలోనూ ఆడవాళ్లు ఫోన్ పక్కనే కూర్చుంటారు. గుజరాత్‌కీ పాకిస్తాన్‌కీ మధ్యనున్న సర్ క్రీక్ పాయ దగ్గర సముద్రపు హద్దే ఇంకా తేలలేదు. తేలని హద్దు దాటావని మనిషిని లోపల వేయడం ఏం న్యాయం?

నాకు అన్నిటికంటే కడుపు మండే విషయం ఇంకొకటి. యుద్ధం జరుగుతున్నా సరే, తీరంలో వేటాడుకునే చిన్న పడవల్ని శత్రుదేశం పట్టుకోకూడదని 1900లోనే అమెరికా సుప్రీంకోర్టు పకేటే హబానా అనే చేపల పడవ కేసులో చెప్పింది. 1907 హేగ్ ఒప్పందంలో కూడా అదే రాశారు. యుద్ధంలో దొరికే దయ మావాళ్లకి శాంతికాలంలో దొరకదు.

2012లో కేరళ తీరంలో ఇటలీ నావికుల కాల్పుల్లో ఇద్దరు జాలర్లు చనిపోతే మన ప్రభుత్వం పట్టుబట్టింది, కేసు హేగ్‌లోని అంతర్జాతీయ ట్రైబ్యునల్ దాకా వెళ్లింది, నావికుల మీద విచారణ ఇక్కడ జరగకపోయినా 10 కోట్ల పరిహారం వచ్చింది. పట్టుదలగా అడిగితే వస్తుందన్నమాట. మరి 2021లో ద్వారక వైపు పాకిస్తాన్ గస్తీ సిబ్బంది కాల్పుల్లో మహారాష్ట్ర జాలరి ఒకాయన పోతే ఆ పట్టుదల ఏమైంది?

ఇంకో మాట. మాది దాదాపు 190 కిలోమీటర్ల తీరం. పెద్ద బోట్లు కట్టుకునే హార్బరు సరిగా ఒక్కటుంటే మావాళ్లలో సగం మంది వేరావల్ ముఖం చూడరు. ఎన్నికలొచ్చినప్పుడల్లా జెట్టీ అంటారు, ఓట్లయ్యాక మళ్లీ రైలు టిక్కెట్లే.

2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఆ జాబితాలో మా మావయ్య ఇంటిపేరు, ఊరిపేరు రెండూ గుర్తుపట్టలేనంతగా మారిపోయి రావడంతో, ఆయన ఇక్కడివాడేనని తేల్చడానికి కానిస్టేబుల్ ఊళ్లోకి వచ్చి రేషన్ కార్డు అడిగేసరికే నెలలు గడిచాయి. అందుకని మీ ఇంట్లోంచి ఎవరైనా వేరావల్ వెళ్తుంటే ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం అన్నింట్లో పేరు ఇంగ్లీషులో ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. జిరాక్సులు ఇంట్లో ఒక సెట్టు, బోటు నంబరుతో కలిపి మత్స్యశాఖ ఆఫీసులో ఒక సెట్టు ఇచ్చి రసీదు తీసుకోండి.