సందేహాలు – సమాధానాలు: కదలనిదేనా సుస్థిరం?

సందేహం: మా విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం, వృక్షశాస్త్రం, ఆర్థికశాస్త్రం, న్యాయశాస్త్రం విభాగాల వాళ్లం కలిసి పరిశోధన చేస్తూ, పీజీ విద్యార్థులకు పాఠాలు చెప్పేలా కొత్త కేంద్రం పెడుతున్నాం. బోర్డు మీదికి ‘అంతర్‌శాస్త్రీయ సుస్థిరతా పరిశోధనా, బోధనా కేంద్రం’ అని రాసుకున్నాం. సుస్థిరం అంటే కదలనిది, అభివృద్ధి అంటే ముందుకు కదిలేది, ‘సుస్థిరాభివృద్ధి’లో ఆ రెంటికీ పొత్తెలా కుదిరిందని ఒక సహోద్యోగి అడుగుతున్నారు. ‘అంతర్’ బదులు ‘బహుళ’ అంటే చాలదా అని ఇంకొకరు. ఈ గోలంతా ఎందుకు, ‘సస్టైనబిలిటీ సెంటర్’ అనేద్దామని మరొకరు. ఏది సరి? – ఒక అధ్యాపకురాలు, అనంతపురం

సమాధానం: ముందు ‘సుస్థిర’ సంగతి. మీ సహోద్యోగి అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. నిఘంటువు తెరిస్తే స్థిరం అంటే చలించనిది అనే ఉంటుంది. స్థిరాస్తిలో ఉన్నది ఆ అర్థమే. ఎన్నికలయ్యాక పత్రికలు ‘సుస్థిర ప్రభుత్వం’ అని రాస్తే, మధ్యలో పడిపోని ప్రభుత్వమనే అనుకుంటాం. కానీ స్థిర శబ్దానికి అర్థం అంతవరకే అయితే ధర్మరాజుకు యుధిష్ఠిరుడనే పేరు అతకదు. యుద్ధంలో కదలకుండా నిలబడినవాడి తల నిలవదు. పోరు సాగుతుండగా తొణకకుండా నిలదొక్కుకునేవాడని అక్కడ భావం. చుట్టూ అంతా మారుతున్నా నిలిచి ఉండడమనే ఈ అర్థమే మీ కేంద్రానికి కావలసింది. (పనిలో పని: యుధిష్ఠిరలో ‘ష్ఠ’ ఉంది కదా, సుస్థిరలో ఎందుకు లేదని కొందరు అడుగుతుంటారు. గవి, యుధి అనే రెండు మాటల తర్వాత స్థిరలోని సకారం షకారమవుతుందని పాణిని సూత్రం. ‘సు’ అందులో లేదు.)

అసలు ఈ ఆలోచన అడవి లెక్కల్లోంచి వచ్చింది. 1713లో జర్మనీలోని సాక్సనీలో గనుల అధికారి హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్స్ అడవుల పెంపకం మీద ఒక పుస్తకం రాశాడు. గనులకూ కొలుములకూ కలప చాలక చుట్టుపక్కల అడవులు తరిగిపోతున్న రోజులవి. పెరిగేదానికి మించి నరక్కుండా, నరికినచోట మళ్లీ పెంచుతూ పోతేనే కలప ఎప్పటికీ అందుతుందని ఆయన వాదన. అలాంటి అడవిలో పాత చెట్లు పోతుంటాయి, కొత్తవి వస్తుంటాయి. నిలిచేది అడవి. 1987లో గ్రో హార్లెమ్ బ్రుంట్‌లాండ్ అధ్యక్షతన ఐక్యరాజ్యసమితి కమిషన్ ఇచ్చిన నివేదిక దీన్నే మనుషులకు అన్వయించింది: ఈ తరం అవసరాలు తీరాలి, రాబోయే తరాలు తమ అవసరాలు తీర్చుకునే వీలు చెడకూడదు. కాబట్టి సుస్థిరాభివృద్ధిలో స్థిరంగా ఉండాల్సింది ఆ వీలు. పెరిగేది పెరగొచ్చు, మారేది మారొచ్చు.

ఇదే ఊహకు హిందీవాళ్లు ‘సతత్ వికాస్’ అన్నారు. సతతం అంటే ఎడతెగనిది. ఎడతెగకుండా పెరుగుతూ పోవడమే కదా అసలు గొడవ అని నాకు అనిపిస్తుంది. బంగ్లాదేశ్‌లో ‘టేక్‌సోయి’ అంటారు, మన ‘మన్నికైన’ లాంటి మాట. చూస్తే కాస్త అసూయే. మన్నిక మనకూ ఉంది గానీ అది చెప్పులకూ బట్టలకూ అంటుకుపోయింది. నిలకడ మంచి మాటే, అయితే అది మనిషి స్వభావం చెప్పడానికి ఎక్కువగా వాడుకలో ఉంది. కన్నడ, మలయాళాల్లోనూ సుస్థిరే స్థిరపడింది. పైగా 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన 17 లక్ష్యాలు తెలుగులో ‘సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు’గానే పాఠ్యపుస్తకాలకెక్కాయి. ‘సుస్థిర వ్యవసాయం’ అనే మాట రైతుల మధ్య పనిచేసే సంస్థల కరపత్రాల్లో ఎప్పుడో నలిగిపోయింది. ఇప్పుడు దీన్ని మార్చబోవడం వృథా ప్రయాస. ‘పర్యావరణ’ అని పెట్టుకుంటే పోతుందేమో అని మీలో ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆ 17 లక్ష్యాల్లో మొదటిది పేదరికం పోవడం, రెండోది ఆకలి తీరడం. మీ దగ్గర ఆర్థికశాస్త్రం వాళ్లూ ఉన్నారు కదా.

ఇక ‘అంతర్’. దీని మీద పెద్దగా ఎవరూ అడగరు గానీ చిక్కంతా ఇక్కడే ఉంది. అంతర్ముఖం, అంతర్గతం అన్నప్పుడు అది ‘లోపల’. అంతర్జాతీయం అన్నప్పుడు ‘మధ్య’. రెండూ సంస్కృతంలో మొదటి నుంచీ ఉన్న అర్థాలే. గంగా యమునల మధ్య నేలను అంతర్వేది అన్నారు. (మన కోనసీమ అంతర్వేదికి స్థలపురాణం వేరే కథ చెబుతుంది.) కాబట్టి శాస్త్రాల మధ్య జరిగే పనికి అంతర్ తగినదే. కానీ ‘అంతర్‌శాస్త్రీయ’ అనకూడదు. అంతర్ + పురం అంతఃపురమైనట్టు, శకారం ముందు అది ‘అంతశ్శాస్త్రీయ’ అవుతుంది. అలా రాస్తే విద్యార్థి నోరు తిరగదు. ఇంకో ఇబ్బంది, ‘శాస్త్రీయ’ అనగానే మనవాళ్లకు సైన్సో సంగీతమో గుర్తొస్తుంది, న్యాయశాస్త్రం గుర్తుకురాదు. మీకు ‘అంతర్విభాగ’ సరిపోతుంది. సంధి బాధ లేదు, యూనివర్సిటీలో విభాగం అంటే ఏమిటో అటెండర్ దగ్గర్నుంచి వీసీ దాకా అందరికీ తెలుసు.

‘బహుళ’ చాలదా అంటే, మీరు చేసే పనిని బట్టి ఉంటుంది. బోరుబావుల మీద భూగర్భశాస్త్రం వాళ్లొక అధ్యాయం, ఆర్థికశాస్త్రం వాళ్లొక అధ్యాయం రాసి, రెండూ కలిపి కుట్టి ఒక పుస్తకం వేస్తే అది బహుళవిభాగ పరిశోధనే, అందులో తప్పేమీ లేదు. నీటిమట్టం పడిపోవడానికి కింద ఉన్న రాయి ఎంత కారణం, పంట ఎంత, ఉచిత కరెంటు ఎంత, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం అమలు కాకపోవడం ఎంత అనేది ఒకే ప్రశ్నగా పెట్టుకుని, ఒకరి లెక్క మరొకరి లెక్కను మార్చేలా పనిచేస్తే అది అంతర్విభాగం. మీ జిల్లాలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. 2000 తర్వాతి దశాబ్దంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతుల ఆధ్వర్యంలో భూగర్భజలాల నిర్వహణ పథకం నడిచింది. అనంతపురం వాటిలో ఒకటి. రైతులే వాన కొలిచారు, బావుల్లో నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు కూర్చుని ఉన్న నీళ్లకు ఏ పంట ఎంత వేయొచ్చో లెక్కగట్టారు. దానికి ‘నీటి బడ్జెట్’ అని పేరు. జలశాస్త్రం, ఆర్థికం, వ్యవసాయం మూడూ ఆ రెండు మాటల్లో ఇమిడిపోయాయి. ఏ పరిభాషా సంఘం కూర్చున్నా అంతకన్నా బాగా చెప్పలేదని నా నమ్మకం. రైతులు, ఊరివాళ్లు ఇలా పరిశోధనలో భాగమైతే దాన్ని అంతర్విభాగం కన్నా ఒక మెట్టు ముందుకు లెక్కవేసేవాళ్లున్నారు. మీరు అక్కడిదాకా వెళ్లినప్పుడు ఆ పేరు సంగతి చూసుకోవచ్చు.

మీరు అడగని తప్పు కూడా ఒకటుంది. పరిశోధనం, బోధనం సంస్కృతంలో నపుంసకలింగాలు. సమాసంలో దీర్ఘం రాదు. ‘పరిశోధన కేంద్రం’, ‘బోధన పద్ధతి’ అనాలి. ప్రార్థన, రచన అక్కడ ఆకారాంతాలు కనుక ప్రార్థనా మందిరం, రచనా శైలి సరైనవి. ‘సుస్థిరతా’లో దీర్ఘం కూడా ఆ లెక్కన సరే. అంటే మీ బోర్డులో ఒక దీర్ఘం ఒప్పు, రెండు తప్పు. ‘పరిశోధనా కేంద్రం’ అన్ని చోట్లా కనబడుతుంది కదా అంటే, కనబడుతుంది. దానికోసం పాత బోర్డులు పీకించమనను, కొత్తగా రాయించేది మటుకు సరిగ్గా రాయించుకోండి. ‘అంతర్విభాగ సుస్థిరతా అధ్యయన కేంద్రం’ అంటే పొట్టిగా ఉంటుంది. అధ్యయనంలో పరిశోధన, పాఠం రెండూ ఇముడుతాయి.

‘సస్టైనబిలిటీ’ అని మాట్లాడుకునేటప్పుడు అనండి, నష్టం లేదు. రాతలో దానితో ఒక పేచీ ఉంది. అది నామవాచకం, విశేషణం సస్టైనబుల్. విద్యార్థుల ప్రాజెక్టుల్లో ‘సస్టైనబిలిటీ వ్యవసాయం’ అని రాయడం నేను తరచూ చూస్తున్నాను. సుస్థిరతకూ సుస్థిరకూ మధ్య తేడా అయితే తెలుగు చెవి దానంతట అదే పట్టుకుంటుంది.

ఊళ్లకు వెళ్లేటప్పుడు మాత్రం ఈ మాటలేవీ ప్రశ్నావళిలో పెట్టకండి. ‘మీ సాగు సుస్థిరమేనా?’ అని అడిగితే రైతు మర్యాదకి అవునంటాడు, మీ పట్టికలో అది నూటికి ఎంతో శాతంగా ఎక్కుతుంది. ‘ఈ బోరు ఏ ఏడు వేశారు, అప్పుడెన్ని అడుగులకు నీళ్లు పడ్డాయి, ఇప్పుడు మోటారు ఎంతసేపు ఆడుతోంది?’ అని అడగండి.