పాప పంటి మచ్చల కంటే ముందు మీవారి నోరు చూపించండి

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లెటూరు. మా అమ్మాయికి 12 ఏళ్లు. పై పళ్ల మీద గోధుమరంగు మచ్చలున్నాయి. స్కూల్లో ఏడిపిస్తున్నారని నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది, ఫొటో తీస్తానంటే లోపలికి వెళ్లిపోతుంది. ఉప్పు, బొగ్గుపొడి, నిమ్మకాయ అన్నీ రుద్దించాను, పోలేదు. ఫ్లోరైడ్ వల్ల వచ్చిన మచ్చలన్నారు. అందుకని ఇంటిల్లిపాదీ ఫ్లోరైడ్ పేస్టు మానేశాం. బాబుకు 4 ఏళ్లు. రాత్రి పాలసీసా లేనిదే పడుకోడు. ముందు పళ్లు నల్లబడి అరిగిపోయాయి, దవడ పళ్లలోనూ గుంతలు పడ్డాయి. పాలపళ్లే కదా, ఊడిపోతాయిలే అంటారు మా అత్తయ్య. ఆవిడకు 63 ఏళ్లు, షుగర్ ఉంది. పళ్లు కదులుతున్నాయి గానీ క్లీనింగ్ చేయిస్తే ఉన్నవి కూడా ఊడతాయని ఆస్పత్రికి రారు. నాకు బ్రష్ పెడితే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, అందుకే వేలితో పళ్లపొడి వేసుకుంటున్నాను. మావారు గుట్కా మానేసి రెండేళ్లయింది, ఇప్పుడు వక్కపొడి ప్యాకెట్లే వేసుకుంటారు. ఈమధ్య కూర కాస్త కారమైనా నోరు మండుతోందనీ, పెద్ద ముద్ద నోట్లో పట్టడం లేదనీ అంటున్నారు. మా పాప పళ్లు తెల్లబడే మార్గం చెప్పండి.

— ఒక పాఠకురాలు

జవాబు: పాప బాధ మీ ఉత్తరం నిండా కనిపిస్తోంది. ఆ మచ్చలకు వైద్యం ఉంది, తప్పకుండా చెబుతాను. కానీ మీరు చివర్లో ఒక్క మాటలో రాసి వదిలేసిన విషయం దగ్గరే నేను ఆగిపోయాను. కారం తగిలితే మంట, పెద్ద ముద్ద పట్టకపోవడం. మీ ఇంట్లో ముందుగా డాక్టర్ దగ్గరకు వెళ్లాల్సింది మీవారు.

గుట్కా మానడం చిన్న విషయం కాదు. ఆయన్ను మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను. అయితే గుట్కాలో పొగాకు ఒక్కటే ప్రమాదం, వక్క మంచిదే అని మనవాళ్లలో చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. వక్కను ఒట్టిగా నమిలినా క్యాన్సర్ రావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే తేల్చింది. రోజూ వక్క నమిలేవారికి బుగ్గల లోపలి పొర కింద నారలాంటి పదార్థం పేరుకుని, మెత్తగా సాగాల్సిన బుగ్గ క్రమంగా బిగుసుకుపోతుంది. దీన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. మొదట కారానికి మంట పుడుతుంది. తర్వాత బుగ్గ లోపల పాలిపోయినట్టు తెల్లగా అవుతుంది. ఆపైన నోరు తెరుచుకోవడం తగ్గుతుంది. కొందరిలో ఇది క్యాన్సర్‌గా మారుతుంది. మీవారికి అదే వచ్చిందని ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను, నోరు చూడాలి. కానీ మీరు రాసిన లక్షణాలు అటే చూపిస్తున్నాయి.

ఈరోజే ఇంట్లో ఒక పరీక్ష చేయండి. ఆయన తన చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు మూడింటినీ దగ్గరగా చేర్చి, పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య నిలువుగా పెట్టుకోవాలి. మూడు వేళ్లూ పట్టాలి. రెండే పడితే నోరు ఇప్పటికే మూసుకుపోతోందని అర్థం. మూడూ పట్టినా మంట ఉంది కాబట్టి చూపించుకోవడం మాత్రం మానొద్దు. బుగ్గల లోపల, నాలుక పక్కన తెల్లటి లేదా ఎర్రటి మచ్చ గానీ, రెండు వారాలైనా మానని పుండు గానీ ఉంటే ఇక ఒక్కరోజు కూడా ఆగొద్దు. వక్క పూర్తిగా మానేస్తే జబ్బు అక్కడితో నిలిచే అవకాశం ఎక్కువ. బిగుసుకున్నది పూర్తిగా మునుపటిలా కాకపోవచ్చు. కానీ నోరు తెరిచే వ్యాయామాలు, మందులు, అవసరమైతే ఇంజెక్షన్లు, ఆపరేషన్‌తో చాలామంది మళ్లీ హాయిగా తినగలుగుతున్నారు. పొగాకు మానడానికి సాయం చేసే జాతీయ ఉచిత ఫోన్ నంబర్ 1800 11 2356. మనసు మళ్లీ గుట్కా వైపు లాగితే ఆయన దానికి ఫోన్ చేయొచ్చు. దయచేసి ఆయన్ను తిట్టొద్దు. ఒకసారి మానిన మనిషి, రెండోసారి కూడా మానగలరు.

ఇక బాబు సంగతి. పాలపళ్లు ఊడిపోయేవే, అత్తయ్యగారి మాట అబద్ధం కాదు. ఎప్పుడు ఊడతాయన్నదే అసలు ప్రశ్న. ముందు పళ్లు 6, 7 ఏళ్లకు ఊడతాయి గానీ దవడ పాలపళ్లు 10 నుంచి 12 ఏళ్ల దాకా ఉండాలి. అంటే బాబు ఇంకా ఆరేడేళ్లు వాటితోనే నమలాలి. పుచ్చిన పంటి వేరు దగ్గర చీము పడితే, దాని కింద తయారవుతున్న అసలు పన్ను కూడా దెబ్బతినొచ్చు. ఆ పన్ను ముందే తీసేయాల్సి వస్తే పక్క పళ్లు ఖాళీలోకి జరుగుతాయి, అసలు పన్నుకు చోటుండదు. ఎత్తుపళ్లు, వంకరపళ్లు అంటూ పిల్లలకు క్లిప్పులు పెట్టించడానికి వచ్చే తల్లిదండ్రుల్లో కొందరి కథ ఇక్కడే మొదలవుతుంది.

పళ్లు పాడవడానికి కారణాన్ని మీరే రాశారు, రాత్రి పాలసీసా. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. పాలు, అందులో వేసిన పంచదార పళ్ల చుట్టూ అలాగే నిలిచిపోతాయి. నోట్లోని సూక్ష్మక్రిములు ఆ తీపిని తిని ఆమ్లం చేస్తాయి, ఆ ఆమ్లం పంటిని కరిగిస్తుంది. పై ముందు పళ్లు నల్లబడి కింది ముందు పళ్లు బాగానే ఉన్నాయి కదూ? సీసా తాగేటప్పుడు నాలుక కింది పళ్లను కప్పుతుంది, అందుకని అవి బతికిపోతాయి. సీసాను ఒక్కసారిగా లాగేస్తే వాడు ఏడుస్తాడు, ఇల్లంతా టెన్షన్. పంచదార ఇవాళే మానేసి, రోజుకు కాసిని పాలు తగ్గించి నీళ్లు పెంచుతూ పోండి. రెండు వారాల్లో సీసాలో ఒట్టి నీళ్లే ఉంటాయి, వాడికే దాని మీద మోజు పోతుంది. పాలు గ్లాసుతో సాయంత్రం తాగించండి, ఆ తర్వాత బ్రష్, ఆ తర్వాత నీళ్లు తప్ప ఏమీ వద్దు. పగలు కూడా గంటకో బిస్కెట్ చేతికివ్వకండి. తీపి తిన్న ప్రతిసారీ పన్ను అరగంటకు పైగా ఆమ్లంలో నానుతుంది. పది బిస్కెట్లు పది సార్లుగా తినడం కంటే, తినాలనుకున్న తీపి భోజనంతో పాటే తినేయడం నయం.

బాబుకు బ్రష్ మీరే వేయాలి. ఏడెనిమిదేళ్లు వచ్చి చేతిరాత కుదురుకునే దాకా పిల్లలు తమంతట తాము సరిగ్గా తోముకోలేరు. తల మీ ఒళ్లో పెట్టుకుని వెల్లకిలా పడుకోబెడితే నోరంతా కనిపిస్తుంది. పుచ్చిన దవడ పళ్లకు డాక్టర్ ఫిల్లింగ్ చేయొచ్చు, లోతుగా ఉంటే వేరు శుభ్రం చేసి స్టీల్ క్యాప్ వేయొచ్చు. అల్లరి చేసే పిల్లలకు సిల్వర్ ఉన్న ఒక మందు పూసి పుచ్చును అక్కడితో ఆపుతారు. పన్ను నల్లగా కనిపిస్తుంది గానీ డ్రిల్లింగ్ అవసరం ఉండదు. మరో సంగతి. ఆరేళ్లప్పుడు దవడలో అన్నిటికంటే వెనక ఒక పెద్ద పన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండా వస్తుంది కాబట్టి పాలపన్నే అనుకుంటారు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. బాబుకు అది రాగానే సీలెంట్ (పంటి గాడుల్లో పుచ్చు పట్టకుండా వేసే పూత) వేయించండి. ఈలోగా ఎప్పుడైనా బుగ్గ వాచి జ్వరం వస్తే లవంగనూనె, కాపడం అంటూ ఆగకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి.

పేస్టు మానేసి పొరపాటు చేశారు. మీ భయం నాకు అర్థమైంది. మీ ప్రాంతానికి నీళ్లలోని ఫ్లోరైడ్ కష్టం నిన్నమొన్నటిది కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బును, తొలిసారి వైద్య పత్రికలో ప్రకటించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా రోగుల గురించే. మీ కనిగిరి కూడా అప్పుడు ఆ జిల్లాలోనిదే. అయితే పంటి మీద మచ్చలు పన్ను చిగురు లోపల తయారయ్యే వయసులోనే పడతాయి, దాదాపు ఎనిమిదేళ్ల లోపు. పాపకు ఆ వయసు దాటిపోయింది. పేస్టు వాడినా కొత్త మచ్చ రాదు, మానేసినా పాత మచ్చ పోదు, పళ్లు పుచ్చడం మాత్రం ఎక్కువవుతుంది. పెద్దవాళ్లూ పాపా రేపటి నుంచే ఫ్లోరైడ్ పేస్టు మొదలుపెట్టండి.

జాగ్రత్త పడాల్సింది బాబు విషయంలో. వాడి అసలు పళ్లు ఇప్పుడే తయారవుతున్నాయి, కాబట్టి వాడు తాగే నీళ్లు ముఖ్యం. తాగే నీటిని, వంట నీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, 1.5 దాటితే ఆ నీళ్లు వద్దు. కాచి తాగితే చాలనుకోవద్దు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌వో ఫిల్టర్ నీళ్లు వాడొచ్చు, వంటకు కూడా అవే. వాడికి పేస్టు బియ్యపు గింజంత చాలు, మింగకుండా ఉమ్మించండి. నీటి పరీక్ష కాగితం డెంటిస్టుకు చూపించి, ఆపైన ఎంత వాడాలో అడగండి.

మీ చిగుళ్ల విషయం తేలికైనదే. రక్తం వస్తోందని బ్రష్ మానేస్తే రక్తం ఇంకా పెరుగుతుంది. చిగురు అంచున పాచి పేరుకుని చిగురు వాచింది, అందుకే రక్తం. ఆ పాచి గట్టిపడితే గార అవుతుంది. గార బ్రష్‌కు రాదు, క్లీనింగ్‌తోనే పోతుంది. మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్ తీసుకుని చిగురు అంచు మీద కాస్త ఏటవాలుగా ఆనించి రెండు నిమిషాలు, ఉదయం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి తోముకోండి. ఏ ఒక్కటి కుదరకపోయినా రాత్రిది మాత్రం వదలొద్దు. క్లీనింగ్ అయ్యాక రెండు మూడు వారాలకు కూడా రక్తం ఆగకపోతే రక్తపరీక్ష చేయించుకోవాలి.

అత్తయ్యగారికి నా మాటగా చెప్పండి. క్లీనింగ్ వల్ల పళ్లు కదలవు. గార చేరి పంటి చుట్టూ ఎముక ముందే తినేసి ఉంటుంది. కదిలే పంటిని ఆ గారే సిమెంటులా పట్టి ఉంచుతుంది. అది తీసేశాక కదలిక బయటపడుతుంది, నింద క్లీనింగ్ మీద పడుతుంది. గార అలాగే ఉంచితే మిగిలిన ఎముకా పోతుంది. షుగర్‌కూ చిగుళ్లకూ రెండువైపులా సంబంధం ఉంది. షుగర్ ఎక్కువైతే చిగుళ్లు పాడవుతాయి, చిగుళ్లలో చీముంటే షుగర్ లొంగదు. చిగుళ్లకు వైద్యం చేయించుకున్న చాలామందిలో మూడు నెలల సగటు షుగర్ కాస్త తగ్గడం చూస్తున్నాం. ఆవిణ్ని పరగడుపున తీసుకెళ్లొద్దు. టిఫిన్ తిని, మాత్ర వేసుకుని, ఉదయం పూట రావాలి. గుండె కోసం రక్తం పలచబడే మాత్రలేమైనా వాడుతుంటే డాక్టర్‌కు చెప్పాలి, సొంతంగా ఆపొద్దు.

ఇన్ని పనులకు డబ్బు ఎక్కడిదని మీరు ఆలోచిస్తారని తెలుసు. విజయవాడ, కడపల్లో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. దగ్గర్లోని ప్రైవేటు డెంటల్ కాలేజీల్లో కూడా బయటి క్లినిక్‌ల కంటే ఖర్చు బాగా తక్కువ. మొదటిసారి వెళ్లేటప్పుడు మీవారిని, బాబును తీసుకెళ్లండి.

పాపను కూడా వెంట తీసుకెళ్తే అదే రోజు చూపించొచ్చు. ఉప్పు, బొగ్గు, నిమ్మకాయ ఇక ముట్టనివ్వకండి. మచ్చ పంటి లోపలిది, రుద్దితే పై పొర అరిగి చల్లటి నీళ్లకు జివ్వుమనడం తప్ప లాభం లేదు. గోధుమరంగు పైపైన ఉంటే మైక్రోఅబ్రేషన్ అనే పద్ధతిలో ఆ పలచటి పొరను నెమ్మదిగా తీసేస్తారు, నొప్పి ఉండదు. మిగిలిన మచ్చల మీద పంటి రంగు ఫిల్లింగ్ సన్నగా అద్దుతారు. పళ్లను అరగదీసి వెనీర్లు (పంటి ముందు అతికించే పలచటి పలకలు), క్యాపులు వేద్దామని ఎవరైనా ఈ వయసులోనే అంటే ఒప్పుకోవద్దు. అవి కావాలనిపిస్తే 18 ఏళ్లు దాటాక పాపే నిర్ణయించుకుంటుంది. అంతకంటే ముందు పాపను దగ్గర కూర్చోబెట్టుకుని, ఆ మచ్చలు తను పళ్లు తోముకోకపోవడం వల్ల వచ్చినవి కావనీ, చిన్నప్పుడు తాగిన నీళ్ల వల్ల వచ్చాయనీ, తన తప్పేమీ లేదనీ చెప్పండి. ఈ మాట వాళ్ల టీచర్‌కు కూడా చెప్పండి. మీ ఊళ్లో అలాంటి మచ్చలున్న పిల్లలు ఆ తరగతిలోనే ఇంకా ఉంటారు.